లినక్స్‌లో తెర మొరాయిస్తే: ఏ డ్రైవర్, ఏ సెషన్, ఏ కెర్నల్ ఎంచుకోవాలి?

లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో తెర నల్లగా ఉండిపోవడం, మినుకుమినుకుమనడం, రిజల్యూషన్ 1024×768 దగ్గరే ఆగిపోవడం, రెండో మానిటర్ కనబడకపోవడం పైకి వేరువేరు జబ్బుల్లా ఉంటాయి. వెతికి చూస్తే చాలావాటికి మూలం ఒకటే. గ్రాఫిక్స్ కార్డుకు తగిన డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రామ్) నడవడం లేదు, లేదా నడుస్తున్న డ్రైవర్‌కూ డెస్క్‌టాప్‌కూ పొత్తు కుదరలేదు. ఇలాంటప్పుడు దొరికిన ఆదేశాలన్నీ వరసగా టైపు చేస్తూ పోతే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు. చివరికి బాగానే ఉన్న సిస్టమ్‌ను తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.

అంత అవసరం చాలా అరుదు. వెనక్కి తీసుకోవడానికి ఏది తేలికో దాన్ని ముందు ప్రయత్నించాలన్నది నా గట్టి అభిప్రాయం. బూట్ సమయంలో ఒక్కసారికి జోడించిన మాట రీస్టార్ట్ చేయగానే పోతుంది. సెషన్ (లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ నడిచే పద్ధతి) మార్పు లాగిన్ తెర మీద ఒక్క క్లిక్కు. డ్రైవర్ ప్యాకేజీని తీసేయవచ్చు. బయాస్ సెట్టింగులు, చేత్తో కాపీ చేసిన ఫైళ్లు, కొత్త డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఆ తర్వాతి మాట. ఇక్కడ పోల్చే దారులన్నిటినీ ఆ క్రమంలోనే చూడండి.

ముందు ఏ డ్రైవర్ నడుస్తోందో తేల్చుకోండి

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని హైఫన్ కె జోడించి నడిపితే గ్రాఫిక్స్ కార్డు పేరు, దాని చిప్ కోడ్, ప్రస్తుతం దాన్ని నడుపుతున్న కెర్నల్ (లినక్స్ గుండెకాయ) డ్రైవర్ కనిపిస్తాయి. ఇంటెల్ అయితే ఐ915 లేదా ఎక్స్‌ఈ, ఏఎమ్‌డీ అయితే ఏఎమ్‌డీజీపీయూ లేదా రేడియాన్, ఎన్విడియా అయితే నూవో లేదా ఎన్విడియా అని ఉండాలి. డ్రైవర్ వరస అసలు లేకపోతే సగం జవాబు దొరికినట్టే. సెట్టింగులలో సిస్టమ్ వివరాల పేజీ కూడా చూడండి. గ్రాఫిక్స్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ చేస్తోంది, కార్డు ఖాళీగా కూర్చుంది. విండో జరిపితే ఈడ్చినట్టు కదలడం, వీడియో పెట్టగానే ఫ్యాన్ హోరెత్తడం దీని గుర్తులే.

తెర ఎక్కడ నల్లబడిందో కూడా గమనించండి. గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెనూ కూడా రాకపోతే లినక్స్ ఇంకా మొదలే కాలేదు కనుక కేబుల్, మానిటర్, బయాస్ వైపు చూడాలి. గ్రబ్ దాటాక నల్లబడితే కెర్నల్ డ్రైవర్ సంగతి. లాగిన్ అయ్యాక నల్లబడితే డెస్క్‌టాప్ సెషన్ సంగతి. ఈ మూడో రకంలో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే తరచుగా అక్షరాల కన్సోల్ వస్తుంది. కన్సోల్ వచ్చిందంటే సిస్టమ్ బతికే ఉంది, మీరు లోపలికి వెళ్లి మరమ్మతు చేసుకోవచ్చు.

నోమోడ్‌సెట్టా, పాత కెర్నలా?

నల్ల తెర దాటి లోపలికి వెళ్లడానికి అందరూ చెప్పే మందు నోమోడ్‌సెట్ (nomodeset) అనే మాట. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర దీన్ని జోడించి, ఎఫ్10 నొక్కితే చాలు. తెర రిజల్యూషన్‌ను కెర్నలే నిర్ణయించే పద్ధతి 2009లో కెర్నల్ 2.6.29తో ఇంటెల్ కార్డులకు వచ్చింది, తర్వాత మిగతా కార్డులకూ పాకింది. నోమోడ్‌సెట్ ఆ పద్ధతినే ఆపేస్తుంది. అప్పుడు బయాస్ ఇచ్చిన సాదా తెర మీదే బండి నడుస్తుంది. తెర కనిపిస్తుంది కానీ వెలుగు తగ్గించలేరు, రెండో మానిటర్ రాదు, కార్డు వేగం అందదు.

కాబట్టి ఇది లోపలికి వెళ్లే తలుపు మాత్రమే, అక్కడే కాపురం పెట్టకూడదు. దీన్ని గ్రబ్ సెట్టింగుల్లో శాశ్వతంగా రాసేసి, కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ఏళ్ల తరబడి బాధపడేవాళ్లు ఉన్నారు. ఇంటెల్, ఏఎమ్‌డీ కార్డుల విషయంలో ఈ ఒక్క మాటే అసలు డ్రైవర్‌ను రానివ్వకుండా అడ్డుకుంటుంది. పని కాగానే తీసేయండి.

ఇక పాత కెర్నల్. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద అంతకుముందు కెర్నల్ సాధారణంగా ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న తెర ఈరోజు అప్‌డేట్ తర్వాత పోయిందంటే నోమోడ్‌సెట్ జోలికి పోకుండా నేరుగా దీన్నే ఎంచుకోండి. పాతదానితో తెర వస్తే తప్పు కొత్త కెర్నల్‌ది, లేదా దానికోసం తయారు కావలసిన డ్రైవర్ మాడ్యూల్‌ది (కెర్నల్‌లోకి చేరే డ్రైవర్ ముక్కది) అని అప్పటికప్పుడే తెలిసిపోతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు, లేదా కొత్త కార్డు పెట్టినప్పుడు వెనక్కి వెళ్లడానికి పాత కెర్నల్ ఉండదు, ఉన్నా పనికిరాదు కనుక నోమోడ్‌సెట్ తప్పదు.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకు

ఎంపిక నిజంగా కష్టమయ్యేది ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మూడు దారులున్నాయి. నూవో అనేది స్వచ్ఛంద కార్యకర్తలు కార్డు ప్రవర్తనను గమనించి రాసుకున్న స్వేచ్ఛా డ్రైవర్. 2010లో కెర్నల్ 2.6.33తో ప్రధాన కెర్నల్‌లోకి వచ్చింది. రెండోది కంపెనీ ఇచ్చే మూసిన డ్రైవర్. మూడోది అదే కంపెనీ 2022 మేలో సోర్స్ విడుదల చేసిన ఓపెన్ కెర్నల్ మాడ్యూల్. ఈ మూడోదాన్ని చూసి డ్రైవర్ మొత్తం తెరిచేశారని అనుకోవద్దు. కెర్నల్ లోపల నడిచే భాగం మాత్రమే బయటపెట్టారు. బొమ్మ గీసే లైబ్రరీలు, కుడా (CUDA, కార్డు చేత లెక్కలు చేయించే ఎన్విడియా ఏర్పాటు) వంటివి ఇంకా మూసినవే.

ఏది మీకు సరిపోతుందన్నది కార్డు తరం మీద ఆధారపడుతుంది. ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16 వరస, ఆర్‌టీఎక్స్ 20 వరస, ఆ తర్వాతివన్నీ ఓపెన్ మాడ్యూల్‌తో నడుస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 వరసకైతే పాత మూసిన మాడ్యూల్ పనికే రాదు. కొత్త కార్డు కొని, పాత అలవాటు ప్రకారం మూసిన మాడ్యూల్ ప్యాకేజీ వేసి, తెర రాక తల పట్టుకునేవాళ్లు ముందు ఈ ఒక్క విషయం చూసుకోవాలి. ప్యాకేజీ పేరు చివర ఓపెన్ అని ఉన్నదాన్ని తీసుకోండి.

మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు, అంటే జీటీఎక్స్ 900, జీటీఎక్స్ 10 వరసలకు ఓపెన్ మాడ్యూల్ పనిచేయదు. మన దగ్గర బాగా అమ్ముడుపోయిన ఎమ్‌ఎక్స్150, ఎమ్‌ఎక్స్250, ఎమ్‌ఎక్స్350 ల్యాప్‌టాప్‌లలో ఉన్నవీ పాస్కల్ చిప్‌లే. వీటికి మూసిన డ్రైవర్ 580 శాఖే (580తో మొదలయ్యే వెర్షన్లే) ఆఖరిది. ఆటలు ఆడటమో, వీడియో ఎడిటింగో, కుడాతో చేసే పనో ఉంటే 580 శాఖను పట్టుకుని ఉండండి, అంతకు మించిన నంబరు దొరికిందని పైకి పోవద్దు. నూవో ఈ తరాల్లో ఎందుకు వెనకబడిందో కూడా చెప్పాలి. జీటీఎక్స్ 900 వరస నుంచి కార్డు తన వేగాన్ని పెంచుకోవాలంటే కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) కావాలి. అది నూవో చేతికి అందలేదు. దాంతో కార్డు బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. బ్రౌజర్‌కు, రాతపనికి అది చాలు, ఆటలకు చాలదు. ట్యూరింగ్ నుంచి పరిస్థితి మారింది. కార్డులోనే ఉండే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌ను కెర్నల్ 6.7 నుంచి నూవో వాడుకోగలుగుతోంది. దానికి తోడు మెసా అనే స్వేచ్ఛా గ్రాఫిక్స్ లైబ్రరీల సమూహంలోని ఎన్‌వీకే వల్కన్ డ్రైవర్ వచ్చింది. ఈ ప్రయాణం చూస్తే నాకు నిజంగా సంతోషం. అయినా ఇంజనీరింగ్ విద్యార్థులు మెషిన్ లెర్నింగ్ కోసం ఆర్‌టీఎక్స్ 3050, 4050 ల్యాప్‌టాప్‌లు కొంటే ఈరోజుకు నా సలహా కంపెనీ డ్రైవరే. నూవో మీద కుడా నడవదు.

ఇంకా పాత కెప్లర్ కార్డులది వేరే కథ. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండే జీటీ 710 ఈ కోవదే. వీటికి 470 శాఖ ఆఖరు, దానికి కంపెనీ మద్దతు కూడా ముగిసింది. కెర్నల్ మారిన ప్రతిసారీ డిస్ట్రో వాళ్లు అతుకులు వేస్తేనే ఆ డ్రైవర్ తయారవుతుంది. ఆఫీసు పనికి, యూట్యూబ్‌కు వాడే కంప్యూటర్ అయితే నూవోనే ఉంచుకోండి, ప్రతి అప్‌డేట్‌కూ భయపడే బాధ తప్పుతుంది. జీటీ 730 దగ్గర మాత్రం పెట్టె మీది పేరును నమ్మవద్దు. అదే పేరుతో ఫెర్మీ చిప్ ఉన్నవీ, కెప్లర్ చిప్ ఉన్నవీ అమ్మారు. ఎల్‌ఎస్‌పీసీఐ చూపించే కోడ్ జీఎఫ్‌తో మొదలైతే ఫెర్మీ, జీకేతో మొదలైతే కెప్లర్. ఫెర్మీకి 390 శాఖే దిక్కు, అది మరీ పాతబడింది కనుక అక్కడ నూవో తప్ప నేను ఇంకేదీ చెప్పను.

డ్రైవర్‌ను ఎక్కడి నుంచి తేవాలన్నది మరో ఎంపిక. కంపెనీ సైట్ నుంచి రన్ ఫైల్ దించి వేయడం ఒక దారి, డిస్ట్రో రిపాజిటరీ (డిస్ట్రో వాళ్ల ప్యాకేజీల గోదాము) నుంచి ప్యాకేజీ వేయడం ఇంకో దారి. ఇందులో నాకు సందేహం లేదు: రిపాజిటరీయే. రన్ ఫైల్ వేసిన లైబ్రరీల లెక్క ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. తర్వాతి అప్‌డేట్‌లో రెండూ ఢీకొంటాయి. ఉబుంటు, మింట్‌లలో అదనపు డ్రైవర్లను చూపే పరికరం ఉంది, ఫెడోరాలో ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ రిపాజిటరీ ఉంది.

రిపాజిటరీ నుంచి వేసినా రెండు పద్ధతులుంటాయి. డీకేఎమ్‌ఎస్ పద్ధతిలో కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్ మీ కంప్యూటర్‌లోనే మళ్లీ తయారవుతుంది. ఆ తయారీ విఫలమైతే అసలు చిక్కు మొదలవుతుంది. కంపెనీ ప్యాకేజీ నూవోను అప్పటికే రానివ్వకుండా చేసి ఉంటుంది, ఎన్విడియా మాడ్యూల్ తయారు కాలేదు, రెండూ లేక తెర నల్లబడుతుంది. అప్‌డేట్ తర్వాత తెర పోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదే. ఉబుంటులో దీనికి మారుగా ఆ కెర్నల్‌కే ముందుగా తయారుచేసి, ఉబుంటు కంపెనీ కానోనికల్ సంతకం పెట్టిన మాడ్యూల్ ప్యాకేజీలు దొరుకుతాయి. మామూలు వాడకానికి అవే మేలు. సొంతంగా కెర్నల్ మార్చుకునేవాళ్లకే డీకేఎమ్‌ఎస్ కావాలి.

సంతకం అనగానే సెక్యూర్ బూట్ గురించి చెప్పాలి. అది ఆన్‌లో ఉండగా సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ సరిగ్గా ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది, తెర మాత్రం మారదు. సెక్యూర్ బూట్‌ను బయాస్‌లో ఆపేయడం ఒక పరిష్కారం, మాడ్యూల్‌కు సంతకం పెట్టే మీ తాళాన్ని మోక్ (కంప్యూటర్ యజమాని తాళం) పద్ధతిలో నమోదు చేయడం ఇంకొకటి. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే రెండోదే ఎంచుకోండి. సెక్యూర్ బూట్ ఆపగానే విండోస్ బిట్‌లాకర్ రికవరీ తాళం అడిగే ప్రమాదం ఉంది, ఆ తాళం ఎక్కడ దాచారో చాలామందికి గుర్తుండదు. మోక్ నమోదులో డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలి తెర వచ్చి కొద్ది సెకన్లు ఆగుతుంది. ఆలోగా ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ నీలి తెరను ఏదో పొరపాటు అనుకుని వదిలేస్తే నమోదు కాకుండానే బూట్ అయిపోతుంది.

రెండు కార్డుల ల్యాప్‌టాప్

ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్‌లోని కార్డుతో పాటు ఎన్విడియా కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఉబుంటు ప్రైమ్ పరికరం మూడు రకాలు చూపిస్తుంది: ఇంటెల్ మాత్రమే, ఎన్విడియా మాత్రమే, అవసరమైనప్పుడు మాత్రం. నేను మూడోదాన్నే సిఫారసు చేస్తాను. డెస్క్‌టాప్ అంతా ప్రాసెసర్‌లోని కార్డు మీద నడుస్తుంది, మీరు కోరిన ప్రోగ్రామ్ మాత్రం ఎన్విడియా మీద నడుస్తుంది, బ్యాటరీ నిలుస్తుంది. అయితే చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు తీగ ఎన్విడియా చిప్‌కే కలిసి ఉంటుంది. ఇంటెల్ మాత్రమే అని పెడితే ఆ పోర్టు చచ్చిపోతుంది, ప్రొజెక్టర్ పనిచేయదు. సెమినార్‌కు వెళ్లేముందు ఇంట్లోనే ఒకసారి టీవీకి కలిపి చూసుకోండి.

ఏఎమ్‌డీ, ఇంటెల్

ఇక్కడ డ్రైవర్ ఎంపిక దాదాపు లేదు, కెర్నల్‌లో ఉన్నదే మంచిది. తెర రాకపోతే చాలాసార్లు కారణం ఫర్మ్‌వేర్ లేకపోవడమో, కార్డు కంటే కెర్నల్ పాతది కావడమో. ఆర్‌ఎక్స్ 9070 కార్డు 2025 మార్చిలో వచ్చింది. ఉబుంటు 24.04 మొదటి విడుదలలో ఉన్న కెర్నల్ 6.8 2024 మార్చి నాటిది. అది పుట్టిన ఏడాదికి వచ్చిన కార్డును అదెలా గుర్తుపడుతుంది? డిస్ట్రో మార్చనక్కర్లేదు. కొత్త కెర్నల్ కోసం ఉబుంటులో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్, డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్ వేసుకోండి, వాటితో పాటు మెసా, ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు కూడా కొత్తవేనా అని చూడండి. డెబియన్ వాడేవాళ్లకు ఒక మంచి మార్పు వచ్చింది. 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి స్వేచ్ఛేతర ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. అంతకుముందు విడుదల అయితే విడిగా వేసుకోవాలి.

ల్యాప్‌టాప్ తెర ఊరికే ఉన్నప్పుడు బాగుండి, టైపు చేయగానే, మౌస్ కదలగానే మినుకుమంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే విద్యుత్ ఆదా సదుపాయాన్ని అనుమానించండి. ఇంటెల్‌లో ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్‌ఆర్ విలువను సున్నా చేస్తూ గ్రబ్‌లో ఒక్కసారికి బూట్ చేసి చూడండి. మినుకు ఆగితే అప్పుడు శాశ్వతంగా రాసుకోండి. బ్యాటరీ కొంచెం త్వరగా దిగుతుంది, కంటికి మాత్రం హాయి.

పాత ఇంటెల్ సలహాల్లో ఎక్స్‌ఆర్గ్ (ఎక్స్11 సెషన్‌ను నడిపే ప్రోగ్రామ్) కోసం ఇంటెల్ డ్రైవర్ ప్యాకేజీ విడిగా వేసి, బొమ్మ చీలికను ఆపే టేర్‌ఫ్రీ పెట్టమని ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు లేక చాలా ఏళ్లయింది. వీడియో మధ్యలో చీలినట్టు కనిపిస్తే ఆ ప్యాకేజీ వేయడం కంటే వేలాండ్ సెషన్‌లోకి (దాని సంగతి కింద ఉంది) మారడం మంచి మందు.

వేలాండా, ఎక్స్11నా?

ఎక్స్11 తెర మీద విండోలను చూపించే 1987 నాటి పద్ధతి. అదే పనికి 2008లో మొదలైన వేలాండ్ ఇప్పుడు గ్నోమ్, ప్లాస్మా వంటి పెద్ద డెస్క్‌టాప్‌లకు ప్రధాన మార్గం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 వేలాండ్‌నే ముందు పెట్టింది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్11 సెషన్ లేనే లేదు. మీ డిస్ట్రోలో రెండూ ఉంటే లాగిన్ తెర మీది పళ్ల చక్రం గుర్తు నొక్కి మార్చి చూడండి. డెస్క్‌టాప్ సమస్యల్లో ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

రెండు మానిటర్ల రిఫ్రెష్ రేట్లు వేరైతే, ఒకదానికి 100 శాతం, ఇంకోదానికి 150 శాతం సైజు కావాలంటే, వీడియో చీలిక బాధిస్తుంటే వేలాండ్ తీసుకోండి. ఎన్విడియా 470 శాఖ మీద ఉన్నవాళ్లు ఎక్స్11లోనే ఉండాలి. వేలాండ్ డెస్క్‌టాప్‌లు కోరే జీబీఎమ్ అనే ఏర్పాటు ఎన్విడియా డ్రైవర్‌లో 495 నుంచే వచ్చింది. 470 దాటినవాళ్లకు కూడా 2024 వరకు వేలాండ్‌లో పాత ఫ్రేములు వెనక్కి మెరిసేవి. 555 శాఖలో ఎక్స్‌ప్లిసిట్ సింక్ (ఫ్రేము గీయడం పూర్తయ్యాకే చూపే ఏర్పాటు) వచ్చాక ఆ మెరుపులు చాలావరకు పోయాయి. అందువల్ల ఎన్విడియాకు వేలాండ్ పడదనే పాత మాట చదివినప్పుడు అది ఏ ఏడాది రాసిందో చూడండి.

తెలుగు చదివేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. వేలాండ్‌లో సైజు 125 శాతం పెడితే, ఎక్స్11 కోసం రాసిన పాత ప్రోగ్రాములను కొన్ని డెస్క్‌టాప్‌లు ముందు చిన్నగా గీసి తర్వాత సాగదీస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు కాస్త మసకగా ఉన్నా చదవవచ్చు. మన వత్తులు, సుడులు మాత్రం అలుక్కుపోతాయి. ఆ ప్రోగ్రామ్‌కు వేలాండ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే సైజు 100 శాతమే ఉంచి, అక్షరాల సైజు మాత్రం పెంచండి. రోజంతా తెలుగు టైపు చేసే కంప్యూటర్‌కు ఈ రెండో పద్ధతే నా ఎంపిక.

మౌస్ కదలికలను నడిపించే ఎక్స్‌డూటూల్ లాంటి పాత పరికరాల మీద ఆధారపడి ఉంటే, అలవాటైన రిమోట్ డెస్క్‌టాప్ వేలాండ్‌లో నల్ల తెర చూపిస్తుంటే తొందరపడి మారకండి. మింట్ సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే డెస్క్‌టాప్‌లలో ఎక్స్11 ఇంకా నిక్షేపంగా నడుస్తోంది.

కేబుల్ కూడా ఒక ఎంపికే

4కే మానిటర్‌లో 60 హెర్ట్జ్ రాకుండా 30 దగ్గర ఆగితే డ్రైవర్‌ను తిట్టేముందు కేబుల్ మార్చి చూడండి. ఏఎమ్‌డీ కార్డుతో 4కే, 120 హెర్ట్జ్ కావాలనుకునేవాళ్లు వీలైతే డిస్‌ప్లేపోర్టే వాడండి. స్వేచ్ఛా డ్రైవర్‌లో హెచ్‌డీఎమ్‌ఐ 2.1 మద్దతు పెట్టడానికి ఏఎమ్‌డీ సిద్ధం చేసిన ప్రతిపాదనను హెచ్‌డీఎమ్‌ఐ ఫోరమ్ ఒప్పుకోలేదని 2024లో బయటికి వచ్చింది. విండోస్‌లో అదే కేబుల్‌తో 120 వచ్చి లినక్స్‌లో రాకపోతే తప్పు మీ సెట్టింగులది కాదు. టీవీలకు సాధారణంగా డిస్‌ప్లేపోర్టు ఉండదు కనుక ఈ నిర్ణయం మానిటర్ కొనేముందే తీసుకోవాలి.

ఇవన్నీ చూసినా తెర దారికి రాకపోతే బగ్ నమోదు చేయండి. ఇంటెల్, ఏఎమ్‌డీ, నూవో, మెసా సమస్యలకు ఫ్రీడెస్క్‌టాప్ వారి గిట్‌ల్యాబ్ సరైన చోటు. ఎన్విడియా కంపెనీ డ్రైవర్ అయితే దానితో పాటు వచ్చే బగ్ రిపోర్ట్ స్క్రిప్ట్‌ను నడిపి, వచ్చిన ఫైల్‌ను వాళ్ల ఫోరమ్‌లో పెట్టాలి. కార్డు చిప్ కోడ్, కెర్నల్ నంబరు, డ్రైవర్ లేదా మెసా నంబరు, సెషన్ పేరు రాయండి. తెర పోయిన బూట్ తాలూకు కెర్నల్ లాగ్ తప్పకుండా జతచేయండి. రీస్టార్ట్ చేశాక జర్నల్‌సీటీఎల్‌కు హైఫన్ కె, హైఫన్ బి మైనస్ ఒకటి అని ఇస్తే అంతకుముందు బూట్ లాగ్ వస్తుంది. ఏ కెర్నల్ వరకు బాగుందో, ఏ కెర్నల్ నుంచి చెడిందో కూడా చెప్పగలిగితే డెవలపర్ వెతకాల్సిన చోటు ఎంతో తగ్గిపోతుంది.